కీళ్లవాతం మందులు వాడేవాళ్లకు ప్రోబయోటిక్ పెరుగు పెట్టొచ్చా? ఇంట్లో తోడేసింది చాలదా?

కాణిపాకం_98
అమ్మకు 61 ఏళ్లు. రుమటాయిడ్ కీళ్లవాతం. వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ చిన్న డోసు స్టెరాయిడ్, షుగరుకు మెట్‌ఫార్మిన్, పొద్దున్నే థైరాయిడ్ మాత్ర. చుట్టాలంతా ఒకటే పాట: ప్రోబయోటిక్ యోగర్ట్ పెట్టు, ఇమ్యూనిటీ పెరుగుతాది అని. తిరుపతిలో సూపర్ మార్కెట్‌కు పోయి చూస్తే నాలుగు రకాల కప్పులుండాయి, ధర చూస్తే ఇంటి పెరుగుకు ఎన్నో రెట్లు. ఇంట్లో తోడేసింది చాలదా? అసలు ఈ మందులు వాడే మనిషికి బతికున్న బాక్టీరియా పెట్టొచ్చా? వాట్సాప్ వైద్యం వద్దు, తెలిసినోళ్లు చెప్పండి.

పుంగనూరు పొట్టావు
ఎట్లాగూ రెండు పోస్టుల్లో ఎవరో ఒకరు నా పాల మహిమ ఎత్తుకుంటారు. ముందే హాజరు వేసుకుంటాండా.

సంగటి ముద్ద
ముందు ఆ ‘ఇమ్యూనిటీ పెరుగుతాది’ మాట పక్కన పెట్టండి. రుమటాయిడ్‌లో రోగనిరోధక శక్తి చాలక కాదు బాధ. అది దారితప్పి సొంత కీళ్ల మీద పడుతోంది. మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్ ఇచ్చేదే దాన్ని అణచడానికి. డాక్టరు అణుస్తా ఉంటే మనం పెంచుతామంటే ఎట్లా? పెరుగుకు అంత బలం లేదు కాబట్టి సరిపోయింది.

పెరుగు వల్ల ఏమీ లేదని కాదు. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 36 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పీచు ఎక్కువుండే తిండి, ఇంకో జట్టుకు పెరుగు, కెఫిర్ (పులియబెట్టిన పాల పానీయం), పులియబెట్టిన కూరగాయల్లాంటివి 10 వారాలు పెట్టారు. రెండో జట్టులో పేగుల్లో బాక్టీరియా రకాలు పెరిగినాయి, రక్తంలో వాపును సూచించే 19 ప్రొటీన్లు తగ్గినాయి. వినడానికి బాగుంది. అయితే వాళ్లంతా ఆరోగ్యవంతులు, తిన్నది రోజుకు ఆరు వడ్డనల దాకా. కీళ్లవాతం ఉన్న మనిషి రోజుకొక కప్పు తింటే అదే జరుగుతుందని దాంట్లోంచి తేల్చలేం.

మీ అమ్మగారికి నా లెక్క: బాగా కాగబెట్టిన పాలతో ఇంట్లో తోడేసిన పెరుగు, చక్కెర లేకుండా, మధ్యాహ్నం ఒక 100 నుంచి 150 గ్రాములు. ఈ మందులకు పెరుగు మానాల్సిన పని లేదు. రంగురంగుల కప్పుల్లో పండ్ల రుచి అని ఉండేవాటిలో చక్కెర వేసుంటారు, షుగరు మనిషికి అవి వద్దు.

స్వర్ణముఖి
మన అవ్వలు రాగి సంగటి, మజ్జిగ తాగి నూరేళ్లు బతికినారు. కప్పుల వాళ్లు మనదాన్నే మనకు పేరు మార్చి అమ్ముతాండారు. మన పెరుగే అసలు ప్రోబయోటిక్.

పాలకేంద్రం
స్వర్ణముఖీ, సగం ఒప్పుకుంటా. ఇంటి పెరుగులో బతికున్న బాక్టీరియాకు కొదవ లేదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణం కోడెక్స్ ప్రకారం యోగర్ట్‌లో గ్రాముకు కనీసం ఒక కోటి ఉండాలి. ఇంట్లో తాజాగా తోడుకున్న దాంట్లో అంతకు తగ్గకుండానే ఉంటాయి. 100 గ్రాముల గిన్నెకు 100 కోట్లు.

కానీ ప్రోబయోటిక్ అనాలంటే లెక్క ఒక్కటే చాలదు. ఏ బాక్టీరియా, ఏ రకం, ఎంత తింటే ఏ మేలు అనేది పరీక్షించి ఉండాలి. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి చెప్పింది అదే. మనదేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు 2011లో వచ్చినాయి. మీ ఇంటి తోడులో ఏముందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఈ వీధి తోడు వేరు, పక్క వీధి తోడు వేరు. మంచిదే, కానీ పేరు లేని మంచిది.

లేబుల్ చూసేటప్పుడు మూడు ముక్కల పేరు వెతకండి. ‘లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ’ అంటే చివరి ‘జీజీ’ దాని రకం. పరీక్షలు జరిగేది ఆ చివరి ముక్క మీదే. ఉత్త ‘లాక్టోబాసిల్లస్ ఉంది’ అని రాస్తే దాంతో తేలేదేమీ లేదు. రెండోది, డబ్బా తయారైన రోజు లెక్క కాకుండా గడువు తేదీ దాకా ఎన్ని బతికుంటాయో రాశారా చూడండి. యాకుల్ట్ సీసా 65 మి.లీ., దాంట్లో 650 కోట్లు అని రాసుంటాది. చక్కెర గ్రాములూ అదే లేబుల్‌లో ఉంటాయి, రెండూ చదవండి.

ఇంకోటి. 2020లో లాక్టోబాసిల్లస్ కుటుంబాన్ని విడగొట్టి 23 కొత్త పేర్లు పెట్టినారు. అందుకే ఒకే బాక్టీరియా ఒక డబ్బా మీద ‘లాక్టోబాసిల్లస్ కేసీ’, ఇంకో డబ్బా మీద ‘లాక్టికేసీబాసిల్లస్ కేసీ’ అని కనిపిస్తాది. కొత్త సరుకని ఎక్కువ డబ్బులు పెట్టొద్దు.

గ్లాసు మజ్జిగ
అయితే ఒక్క ప్రోబయోటిక్ కప్పు కొని, దాంతోనే తోడేసి, ఆ పెరుగుతో మళ్లీ తోడేసి, అట్ల పోతా ఉంటే? జన్మలో మళ్లీ కొనే పని లేదు.

పాలకేంద్రం
@గ్లాసు మజ్జిగ అందరికీ వచ్చే ఆలోచనే. కుదరదు. కప్పులో రెండు వర్గాలుంటాయి. పాలను తోడుకునేట్టు చేసే స్ట్రెప్టోకాకస్ థర్మోఫైలస్, బల్గారికస్ ఒకటి. పైన కలిపిన ప్రోబయోటిక్ రకం రెండోది. మొదటి వర్గం పాలల్లో గబగబా పెరిగి పులుపు చేస్తాది. రెండోది, ముఖ్యంగా బైఫిడో బాక్టీరియా అయితే, పాలల్లో మెల్లగా పెరుగుతాది, గాలి తగిలితే ఇష్టపడదు, పులుపు ఎక్కువైతే చస్తాది. మొదటి తోడులో కొన్ని మిగలొచ్చు. నాలుగైదు తోడుల తర్వాత మీ గిన్నెలో మీ ఇంటి బాక్టీరియానే రాజ్యం చేస్తుంటాది. ఫ్యాక్టరీలో ప్రతి విడతకూ కొత్త కల్చర్ (తోడు బాక్టీరియా) వేసేది అందుకే.

కాణిపాకం_98
ఇది తెలీదు. మరి థైరాయిడ్ మాత్ర సంగతి? అమ్మ పొద్దున మాత్ర వేసుకున్న అరగంటకే పెరుగన్నం తింటాది.

మందుల చీటీ
అది మార్చండి. థైరాయిడ్ మాత్ర పరగడుపున, నీళ్లతో, తిండికి 30 నుంచి 60 నిమిషాల ముందు. కాల్షియం మాత్రకూ దానికీ 4 గంటల ఎడం ఉండాలి. పెరుగులో కాల్షియం మాత్రంత ఉండదు గానీ, మాత్ర వెనకే గిన్నెడు పెరుగు మంచి అలవాటు కాదు. పెరుగును మధ్యాహ్నానికి జరిపితే గొడవ వదిలిపోతాది. ఇన్నాళ్లూ అట్లే తిని టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష అంకె) సరిగ్గా ఉంటే కంగారు పడొద్దు, అలవాటు మార్చిన ఆరేడు వారాలకు మళ్లీ ఒకసారి టెస్టు చేయించండి. మారొచ్చు.

మిగతావి గుర్తున్నంతవరకు:

సిప్రోఫ్లాక్సాసిన్: పాలు పెరుగుతో అసలు వేసుకోకూడదు. కాల్షియం ఆ మందును కట్టేస్తాది, రక్తంలోకి ఎక్కదు. మాత్ర వేసుకున్న 2 గంటల తర్వాత పెరుగు తినొచ్చు. ముందే పెరుగు తినేసుంటే 6 గంటలు ఆగి మాత్ర. టెట్రాసైక్లిన్ కూడా ఇదే బాపతు. డాక్సీసైక్లిన్‌కు కొంచెం తక్కువ, అయినా 2 గంటలు ఎడం పెట్టండి.

ఐరన్ మాత్ర: 2 గంటలు ఎడం. నిమ్మరసంతో వేసుకోండి, మజ్జిగతో కాదు.

మెట్‌ఫార్మిన్: పెరుగుతో పేచీ లేదు. తిండితో వేసుకోండి.

అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. మెథోట్రెక్సేట్ వాడే మనిషికి మూత్రంలో మంట అనో దగ్గు అనో ఎవరైనా యాంటీబయాటిక్ రాస్తే, ముందు మెథోట్రెక్సేట్ స్ట్రిప్పు వాళ్ల కళ్లముందు పెట్టండి. కోట్రైమోక్సజోల్, అదే మనోళ్లు సెప్ట్రాన్ అనేది, దాంతో కలిస్తే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. పెరుగు గురించి అడిగే వందమందిలో దీని గురించి ఒక్కరూ అడగరు.

స్వర్ణముఖి
యాంటీబయాటిక్ వాడేటప్పుడు పెరుగు తినమని డాక్టర్లే చెప్తారు గదా. ఇక్కడేమో ఎడం పెట్టమంటారు.

మందుల చీటీ
రెండూ నిజమే. ఎడం మందు ఎక్కడానికి, పెరుగు కడుపు చెడకుండా. యాంటీబయాటిక్ వల్ల పట్టుకునే విరేచనాల మీదే ప్రోబయోటిక్స్‌కు కాస్త గట్టి ఆధారం ఉండేది. వైద్య ఆధారాలు సమీక్షించే కోక్రేన్ సంస్థ 2019 సమీక్షలో పిల్లల మీద చేసిన 33 పరీక్షలు కలిపి చూస్తే, వాడినోళ్లలో 8 శాతం మందికి, వాడనోళ్లలో 19 శాతం మందికి విరేచనాలు. బాగా పనిచేసింది రోజుకు 500 కోట్లు, ఆ పైన ఇచ్చినప్పుడు. దీనికి ఎదురు మాట కూడా ఉండాది. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయోటిక్ తీసుకున్నోళ్ల పేగుల్లో సొంత బాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఆలస్యమైంది. అందుకే కోర్సు అయిపోయాక నెలల తరబడి క్యాప్సూల్ మింగడం నేను ఒప్పుకోను.

అలిపిరి మెట్టు
కిడ్నీ మార్పిడి అయినోళ్లకు? మామకు అయి ఏడు నెలలు, టాక్రోలిమస్ (ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఇచ్చే మందు) నడుస్తాంది. వేలూరుకు చూపించుకునేదానికి ఇంకా మూడు వారాలుండాది. నిన్నట్నుంచి రెండు మూడు విరేచనాలు. మెడికల్ షాపులో ఈస్ట్ పొడి సాచెట్ ఇచ్చినారు.

నైట్ డ్యూటీ
అన్నా, ఆ సాచెట్ విప్పొద్దు. మూడు వారాలు ఆగొద్దు, ఈరోజే మార్పిడి చేసిన విభాగానికి ఫోన్ చేయండి.

సాచెట్‌లో ఉండేది శాకరోమైసిస్ బౌలార్డీ, బతికున్న ఈస్ట్. రోగనిరోధకత అణచిన మనిషిలో అది రక్తంలోకి పోయి ఇన్‌ఫెక్షన్ అయిన కేసులున్నాయి. మెడలోనో ఛాతీలోనో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) ఉన్నోళ్లకు ఇంకా ప్రమాదం. మంచం పక్కన సాచెట్ విప్పితే పొడి గాల్లో లేచి చేతికంటి లైనులోకి పోతాది. వార్డులో దాన్ని పేషెంటు గదిలో విప్పకూడదనేది అందుకే. 2017లో యూరప్ మందుల సంస్థ తీవ్ర అనారోగ్యంతో ఉన్నోళ్లకు, రోగనిరోధకత తగ్గినోళ్లకు ఇది వాడొద్దని తేల్చింది.

రెండోది ఇంకా ముఖ్యం. విరేచనాలైతే టాక్రోలిమస్ తగ్గుతాదని అందరూ అనుకుంటారు. తిరగబడి రక్తంలో లెవెల్ పెరుగుతాది, కొత్త కిడ్నీ మీద పడుతాది. మందు లెవెల్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష) రెండూ చూడాలి. వాళ్లు చెప్పకుండా డోసు తగ్గించొద్దు, ఆపొద్దు.

ఇంకో మాట: ఇంటి పెరట్లో పంపరపనస చెట్టుంటే ఆ కాయ మామకు పెట్టొద్దు. గ్రేప్‌ఫ్రూట్ లాగానే అది కూడా టాక్రోలిమస్ లెవెల్‌ను పెంచేస్తాది.

అలిపిరి మెట్టు
ఫోన్ చేసినా. రక్తం ఇక్కడే ఇచ్చి రిపోర్టు పంపమన్నారు. సాచెట్ పక్కన పెట్టేసినాం. మామూలు పెరుగు?

నైట్ డ్యూటీ
అది కూడా వాళ్లనే అడగండి, ఒక్కో చోట ఒక్కో పద్ధతి. మామూలుగా మందులు స్థిరపడ్డాక కాగబెట్టిన పాల తాజా పెరుగుకు ఒప్పుకుంటారు. పచ్చి పాలు, పచ్చి పాల వెన్న మాత్రం ఎక్కడా ఒప్పుకోరు. కీమోలో న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్లకణాలు) 500 లోపు పడిపోయినప్పుడు కొన్ని వార్డుల్లో పెరుగు కూడా ఆపుతారు. పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) వచ్చి, అది తీవ్రం కావొచ్చని తేలినోళ్లకు ప్రోబయోటిక్స్ ఇస్తే మేలని నెదర్లాండ్స్‌లో పరీక్ష చేసినారు. 2008లో ఫలితం వచ్చింది: ఇచ్చిన జట్టులో 16 శాతం మంది చనిపోయినారు, ఇవ్వని జట్టులో 6 శాతం. ‘సహజమైనదే గదా, ఏమవుతాది’ అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

పుంగనూరు పొట్టావు
నవ్వుదామని వస్తే ఈ థ్రెడ్‌లో నోరు పడిపోయింది.

కోనేటి గట్టు
డయాలసిస్ వాళ్లకు పెరుగు ఎంత? ఒకరు ప్రొటీన్ కోసం తినమంటారు, ఇంకొకరు ముట్టొద్దంటారు.

సంగటి ముద్ద
ఇద్దరిదీ తప్పు కాదు. 100 గ్రాముల పెరుగులో ప్రొటీన్ మూడున్నర గ్రాములు, పొటాషియం 155 మి.గ్రా. దరిదాపు, ఫాస్ఫరస్ 95, కాల్షియం 120. డయాలసిస్ మనిషికి ప్రొటీన్ కావాలి, ఫాస్ఫరస్ వద్దు. అందుకే చిన్న కప్పు, 100 గ్రాములు, ఫాస్ఫేట్ బైండర్ మాత్ర (తిండిలో ఫాస్ఫరస్‌ను పట్టేసేది) రాసుంటే ఆ భోజనంతోనే. మజ్జిగ చేసి లీటర్లు తాగితే నీళ్ల లెక్క తప్పుతాది, ఉప్పు వేస్తే దాహం ఇంకా పెరుగుతాది. మన జిల్లాలో మామిడి సీజన్ వస్తే పెరుగులో పండు కలిపి లస్సీ చేస్తారు చూడండి, పొటాషియం ఎక్కువున్నోళ్లకు అది రెండువైపులా దెబ్బ. ఈ నెల రిపోర్టులో పొటాషియం, ఫాస్ఫరస్ ఎంతో చూసి మీ డైటీషియన్ అంకె చెప్తారు. ఇక్కడ నేను చెప్పే అంకె మొదలుపెట్టడానికే.

కాణిపాకం_98
ఇంట్లోనే తోడేస్తా అనుకోండి. జబ్బు మనిషికి ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఏమన్నా ఉందా? మాది మట్టి కుండ.

పాలకేంద్రం
ఉంది. చానా ఉంది.

కుండ పక్కన పెట్టండి. కుండలో పెరుగు గట్టిగా వస్తాది నిజమే, గోడలు నీళ్లు పీలుస్తాయి. కానీ ఆ రంధ్రాల్లో ఏముందో కడిగి తీయలేరు. అమ్మగారికి స్టీలు గిన్నె, మూత. గిన్నె, గరిటె, చెంచా మరిగే నీళ్లు పోసి ఆరబెట్టండి, గుడ్డతో తుడవొద్దు.

ప్యాకెట్ పాలు అరలీటరు. పాశ్చరైజ్ చేసినవే అయినా పొంగు వచ్చాక సెగ తగ్గించి 5 నుంచి 10 నిమిషాలు కలుపుతా కాగనివ్వండి. దీంతో రెండు పనులు: మిగిలిన క్రిములు చస్తాయి, పాలలోని విరుగుడు (వే) ప్రొటీన్లు విచ్చుకుని పెరుగు గట్టిపడుతాది. టోన్డ్ పాలల్లో వెన్న 3 శాతం, స్టాండర్డైజ్డ్‌లో నాలుగున్నర. టోన్డ్ పాల పెరుగు పల్చగా వచ్చిందని తోడు ఎక్కువ వేస్తారు, అది పుల్లబడుతాది తప్ప గట్టిపడదు. ఇంటికొచ్చి పోసే పాలైతే కాగబెట్టడంలో అస్సలు రాజీ వద్దు, పచ్చి పాలల్లో బ్రూసెల్లా (జ్వరం తెచ్చే బాక్టీరియా) రావొచ్చు.

మూత వారగా పెట్టి 42, 43 డిగ్రీలకు చల్లార్చండి. థర్మామీటర్ లేకపోతే గిన్నె బయట చెయ్యి ఆనిస్తే వెచ్చగా, ఓర్చుకునేట్టు ఉండాలి. పాలల్లో వేలు పెట్టి చూడటం మన అందరి అలవాటే, జబ్బు మనిషి గిన్నెలో మాత్రం వద్దు. తోడు ఒక టీచెంచా, ముందు రెండు చెంచాల పాలల్లో కలిపి తర్వాత పోయండి. పాలు 50 దాటి ఉంటే తోడు దెబ్బతింటాది, సరిగ్గా తోడుకోదు. 35 లోపు ఉంటే మెల్లగా తోడుకుని జిగురు వస్తాది.

తిరుపతి ఎండాకాలంలో నాలుగు గంటలు చాలు. రాత్రి పదికి తోడేసి పొద్దున ఆరుకు చూస్తే పుల్లబడి పైన నీళ్లు తేలుంటాయి, అందుకే ఎండాకాలంలో పగలు తోడేయండి. చలికాలంలో గుడ్డ చుట్టి ఏడెనిమిది గంటలు. గిన్నె వంచితే గోడ వదిలి జారకుండా ఉంటే అయినట్టే. వెంటనే ఫ్రిజ్‌లోకి. రెండు రోజుల్లో అయిపోవాలి.

రేపటి తోడు ఎవరూ ముట్టకముందే, కడిగిన చెంచాతో చిన్న స్టీలు డబ్బాలోకి తీసిపెట్టండి. తిన్నాక గిన్నెలో మిగిలింది తోడుగా వాడేదే అసలు తప్పు, ఎంగిలి చెంచా నుంచి వచ్చేవన్నీ రేపటి పెరుగులో పెరుగుతాయి. పదిహేను రోజులకోసారి పాత తోడు పారేసి, గడువు లోపలున్న సీలు కప్పు కొని కొత్తగా మొదలుపెట్టండి. పచ్చిమిరపకాయ తొడిమలు, చింతపండుతో తోడేసే పద్ధతి ఉండాది గదా, తోడుకునేది తొడిమ మీదున్న ఏదో బాక్టీరియాతో. ఆరోగ్యంగా ఉన్నోళ్లు సరదాకు చేసుకోండి, అమ్మగారికి వద్దు.

గ్లాసు మజ్జిగ
జిగురొస్తే పారేయాలా?

పాలకేంద్రం
కొన్ని బాక్టీరియా చక్కెరలతో జిగురు చేస్తాయి, అది విషం కాదు. కానీ మంచి జిగురో చెడ్డ జిగురో కంటితో చెప్పలేం. అందుకే జబ్బు మనిషికి పెట్టొద్దు. బుడగలొచ్చి కల్లు వాసన వస్తే ఈస్ట్. పైన గులాబీ రంగో పచ్చ చుక్కలో కనిపిస్తే గిన్నె మొత్తం పారేయండి, పైది గీకి కింది పెరుగు తినేది లెక్కలోకి రాదు. చేదు వస్తే తోడు ముదిరింది, మార్చండి.

నైట్ డ్యూటీ
పెరుగు వరకు అంత జాగ్రత్తగా చేసి, మజ్జిగ చేసేటప్పుడు కుళాయి నీళ్లు పోస్తారు. కాచి చల్లార్చిన నీళ్లే పోయండి. ఐస్ కూడా ఆ నీళ్లదే. కొత్తిమీర, కరివేపాకు, అల్లం, మిరపకాయ పచ్చివి దంచి వేయకుండా బాగా కడిగి తాలింపులో వేసి, చల్లారాక కలపండి. బస్టాండు దగ్గర బండి మజ్జిగ ఈ మందులు వాడేవాళ్లకు కాదు. చుట్టాలు ఇమ్యూనిటీ అని పట్టుబడితే ఒక పని చేయండి: ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించారా అని రుమటాలజిస్టును అడగండి. ఆధారం గట్టిగా ఉండేది అక్కడ. అవి బతికున్న క్రిములున్న టీకాలు కాకూడదు, అది కూడా ఆయనే చూసుకుంటారు.

స్వర్ణముఖి
టీకా మాట సరే. కానీ రాత్రి పూట పెరుగు కఫం, అది శాస్త్రమే చెప్పింది.

సంగటి ముద్ద
ఆయుర్వేదం అట్లే చెప్తాది, పాటించేవాళ్లు పాటించండి. జబ్బు మనిషికి రాత్రి మాత్రల ఎడం కుదరకపోతే నేను కూడా పగలే పెట్టమంటా, కారణం వేరు.

గ్లాసు మజ్జిగ
వేడి అన్నంలో పెరుగు కలిపితే బాక్టీరియా బతుకుతాయా? దద్దోజనం చేసేటప్పుడు అన్నం పొగలు కక్కుతుంటాది.

పాలకేంద్రం
పొగలొచ్చే అన్నంలో కలిపితే చానావరకు చస్తాయి. 60 డిగ్రీలు దాటేకొద్దీ వాటికి బతుకు తక్కువ. మజ్జిగ పులుసులో అయితే ఒక్కటీ మిగలదు, రుచికి తినండి. అన్నాన్ని పళ్లెంలో పరచి ఆరబెట్టి, గోరువెచ్చన కంటే తగ్గాక కలపండి. కలిపాక గంటలకొద్దీ బయట పెట్టొద్దు, అన్నంలో పెరిగి వాంతులు తెచ్చే బాసిల్లస్ సీరియస్ బాక్టీరియాకు మన ఎండ చాలు. ప్రసాదం లైనులో నిలబడి దీన్ని తలుచుకోవద్దు.

పుంగనూరు పొట్టావు
ప్రసాదం జోలికి మాత్రం రావద్దు సామీ. దాంట్లో ఉండే సీఎఫ్‌యూ (బతికున్న బాక్టీరియా) లెక్క పైవాడే చూసుకుంటాడు.

కాణిపాకం_98
నిన్న కొన్న కప్పుల్లో ఒకటి మూత పైకి ఉబ్బి ఉంది. తేదీ ఇంకా తొమ్మిది రోజులుండాది. వాడొచ్చా?

పాలకేంద్రం
వద్దు. లోపల ఈస్టో ఇంకోటో గ్యాస్ చేసింది. రాత్రి ఫ్రిజ్ ఆపేసే దుకాణాల్లోనూ కరెంటు పోయిన రోజుల్లోనూ ఇట్లాంటివి వస్తాయి. తేదీ రాసేది చల్లగా ఉంచితేనన్న లెక్కతో. మిగతా కప్పులు కూడా మూత నొక్కి చూసి, బిల్లుతో తిరిగి ఇచ్చేయండి. ఈసారి కొనేటప్పుడు ఫ్రిజ్ వెనక వరసలోంచి తీసుకోండి, చేతికి చల్లగా తగలాలి.